మూడుసార్లు ఆకుపచ్చబడ్డ ఊట

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి ఆస్క్‌బీ పోలీసు స్టేషన్ వెనకగదిలో జాస్ ఆల్డర్సన్ ఎదురుగా కూర్చున్నాను. అరవై ఎనిమిదేళ్ళ గొర్రెల కాపరి. రెండు రాత్రులుగా నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బల్లమీద పెట్టిన టీ అలాగే చల్లారిపోయింది.

"నిన్న రావలసింది నువ్వు," అన్నాడు.

"నిన్న నన్ను తూర్పు వాలులో పొదలు వెతకమన్నారు. ఇవాళ కూడా అదే పని. చెప్పకుండా వచ్చాను."

"ఆ పెద్దాయన భయమా?"

"పెద్దాయన" అంటే సూపరింటెండెంట్ హాల్డేన్. శుక్రవారం సాయంత్రం జిల్లా కేంద్రం నుంచి వచ్చి కేసు నా చేతుల్లోంచి తీసుకున్నాడు. హెస్టర్ అవుత్‌వెయిట్ అనే పాతికేళ్ళ అమ్మాయి గురువారం ఉదయం బ్లేక్‌రిగ్ కొండ ఎక్కింది. దిగలేదు. ఆమె మెడకి చుట్టుకునే ఉన్ని గుడ్డ, టీ ఫ్లాస్కు జాస్ గుడిసెలో దొరికాయి. హాల్డేన్‌కి అంతకన్నా అక్కర్లేకపోయింది.

"గురువారం సంగతి మొదట్నించీ చెప్పు, జాస్."

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? తొమ్మిదిన్నరకి నా గుడిసెకి వచ్చింది. టీ తాగింది. ఎండ కాస్తోందని ఆ గుడ్డ విప్పి మేకుకి తగిలించింది, దాన్నీ ఫ్లాస్కునీ మర్చిపోయింది. కొండ దాటి పడమటి వైపు పోతున్నానంది. పోయింది."

"మీ ఇద్దరికీ గొడవ అయిందని మెట్‌కాఫ్ అమ్మ చెప్పిందే?"

"అయింది. ఒక్కర్తివీ ఆ గోతుల్లోకి దిగకు, నీకేమైనా పిచ్చా అని అరిచాను. అది గొడవైతే, మా ఆవిడతో నలభై ఏళ్ళు చేసినదాన్ని ఏమంటారో మీరే చెప్పాలి."

నాకు నవ్వు రాలేదు. అతనూ నవ్వించడానికి అనలేదు.

"ఆదివారం నువ్వే స్టేషన్‌కి వచ్చావట."

"మధ్యాహ్నం ఒంటిగంటకి. ఆ పిల్ల బతికే ఉంది, తూర్పున వెతకడం మానండి అని చెప్పడానికొచ్చాను. బతికి ఉందని నీకెలా తెలుసు, ఎక్కడ దాచావు అని నన్ను లోపలేశాడు."

"ఎలా తెలుసు?"

జాస్ నా ముఖంలోకి చూశాడు. ఈ ప్రశ్న మామూలుగా అడిగిన మొదటి మనిషిని నేనేనేమో.

"నీళ్ళు, ఆల్బన్. కోల్డ్‌కెల్డ్ ఊట నీళ్ళు ఆకుపచ్చగా వచ్చాయి."

"గోతిలో రంగు కలిపి వదులుతుందని నాకూ తెలుసు. ఆ నీళ్ళు ఎక్కడ తేలతాయో చూసే పరీక్ష కదా."

"ఒక్కసారే వదులుతానంది. 'నువ్వు ఊట దగ్గర కాపు కాసి, పచ్చగా వచ్చిన టైము రాసిపెట్టు తాతా, ఒక్కసారే వస్తుంది' అని చెప్పి, సుద్దముక్క నా చేతిలో పెట్టింది. శుక్రవారం తెల్లవారి ఆరూ అయిదుకి వచ్చింది. రాశాను. మధ్యాహ్నానికి తేటపడింది. సరే అనుకున్నాను. శనివారం తెల్లవారి మళ్ళీ వచ్చింది. ఇదేంటి, రెండోసారి చేస్తోందా అనుకున్నాను. ఆదివారం మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నానికి తేటపడేదాకా చూసి ఇటు పరిగెత్తుకొచ్చాను."

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది.

గురువారం వదిలిన రంగు శుక్రవారం రావాలి. శనివారం, ఆదివారం వచ్చిన రంగు ఎవరు వదిలారు? రంగు పొట్లాలు ఆమె సంచిలో తప్ప ఎక్కడా లేవు. అంటే శుక్రవారం, శనివారం కూడా ఆమె ఆ నీళ్ళ పక్కనే ఉంది. చేతులు ఆడుతున్నాయి. పైకి రాలేకపోతోంది. కేకలు వినపడని చోటునుంచి నీళ్ళకి రంగు వేసి మనుషుల్ని పిలిచింది.

"నిన్న?" అని అడిగాను.

"నిన్న నేను ఇక్కడే కదయ్యా ఉన్నాను," అన్నాడు జాస్.

*

పదింటికి కోల్డ్‌కెల్డ్ దగ్గరకి చేరాను.

బ్లేక్‌రిగ్‌కి శిఖరమంటూ లేదు. నాలుగు మైళ్ళ పొడవున బోర్లించిన పడవలా ఉంటుంది. పైనంతా కుళ్ళిన నాచు పేరుకుని నల్లబడ్డ పీట్ బురదనేల, హెదర్ పొదలు. అంచుల్లో ఇసుకరాయి, దాని కింద నడుముకి కట్టిన పట్టీలా సున్నపురాయి. పైనించి జారిన ప్రతి వాగూ ఆ సున్నపురాయి తగిలేసరికి ఏదో గోతిలో దూరి మాయమవుతుంది. పడమటి వైపు అలాంటి గోతులు ఏడున్నాయి. కొండ నెత్తిన సరిహద్దు రాళ్ళు నాటారు. రాళ్ళకి పడమట కురిసిన వాన పడమటి లోయకి, తూర్పున కురిసింది తూర్పు లోయకి. మా తాత అలాగే అనుకున్నాడు, మా నాన్న అలాగే అనుకున్నాడు, సర్కారు మ్యాపు కూడా అలాగే అచ్చు వేసింది. హెస్టర్ ఒక్కతే అలా అనుకోలేదు.

ఆమె రావడానికి కారణం ఉంది. ఆ వేసవిలో ఆస్క్‌బీలో ఇద్దరు చనిపోయారు. ఒకరు బడిపంతులు భార్య, ఒకరు రాతిపని చేసే హార్కర్ కూతురు. ఇంకో పదకొండు మందికి అరచేతులు పొలుసులు కట్టి జుట్టు ఊడింది. కోల్డ్‌కెల్డ్ నీళ్ళలో పాషాణం ఉందని డాక్టరు తేల్చాడు. పేలు చావడానికి గొర్రెల్ని ముంచే మందులో పూర్వం కలిపేవారే, ఆ పాషాణం. కానీ ఊటకి పైన తూర్పు వాలు మొత్తం వెతికినా ఒక్క డబ్బా దొరకలేదు. అది ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోడానికి హెస్టర్ వచ్చింది.

ఊట ఒక రాతిపలక కిందినుంచి పొంగుతుంది. పలకమీద జాస్ సుద్దగీతలు ఇంకా చెరగలేదు. శుక్ర 6:05. శని 6:10. ఆది 6:00. పక్కన ఖాళీ.

మోకాళ్ళమీద కూర్చుని పలక అంచున పెరిగిన నాచు పిడికెడు పీకి, సంచిలోంచి తీసిన గ్లాసులో పిండాను. ఎండకి ఎత్తి చూశాను. నీళ్ళ అడుగున పల్చటి ఆకుపచ్చ మెరిసింది. గోడ అవతల నిలబడ్డ జాస్ గొర్రెలకి మోకాళ్ళ దాకా అదే రంగు.

మూడు రోజులు, ఇంచుమించు ఒకే వేళ. ఆమె దగ్గర గడియారం ఉంది. ప్రతిరోజూ ఒకే గంటకి వదిలింది, ఎవరైనా గమనిస్తే ఇది దానంతటది జరిగేది కాదని తెలియాలని. అలాంటి చోట కూడా ఆ అమ్మాయి బుర్ర నిలకడగా పనిచేసింది.

"గొర్రెల కాళ్ళు పరీక్షిస్తున్నారా, ఇన్‌స్పెక్టర్?"

హాల్డేన్ దారిలో నిలబడి ఉన్నాడు. బూట్లకి బురద అంటకుండా రాయిమీద నుంచి రాయిమీదకి అడుగేస్తూ వచ్చాడు. వెనక మెట్‌కాఫ్ అమ్మ, చేతిలో బట్టల బుట్టతో. హెస్టర్ ఆమె ఇంట్లోనే గది తీసుకుంది.

"సర్, ఆమె తూర్పున లేదు. పడమటి గోతుల్లో ఎక్కడో చిక్కుకుంది. శనివారం సాయంత్రం దాకా బతికి ఉంది. నాకు ఇరవైమంది మనుషులు కావాలి, తాళ్ళు కావాలి. ఇప్పుడే."

"పడమటి గోతుల్లో." మ్యాపు తీసి నా ముందు పరిచాడు. "ఇది కొండ నెత్తి. ఇవి మీ సరిహద్దు రాళ్ళు. పడమట వదిలిన రంగు ఇక్కడ తేలిందంటారు. నీళ్ళు కొండ ఎక్కి దిగుతాయా?"

"ఎక్కవు సర్. కిందనుంచి దూరతాయి. ఆ అమ్మాయి చెప్పింది అదే."

"చెప్పిందెవరితో? ఆల్డర్సన్‌తో. ఆ గీతలు గీసిందెవరు? ఆల్డర్సన్. గొర్రెలకి రంగులు పూసే మనిషి ఊటలో ఇంత రంగు కలపలేడా? మీ కొండవాళ్ళకి ప్రతి గొయ్యికీ ఒక కథ ఉంటుంది, కర్‌వెన్. నాకు శవం కావాలి, కథలు కాదు."

"శవం కావాలా మీకు?" అంది మెట్‌కాఫ్ అమ్మ. బుట్ట దభీమని రాతిమీద పెట్టింది. "మేమింకా పిల్ల కావాలనుకుంటున్నాం. ఇదిగో చూడండి, బాబూ. తాగొద్దన్నారు కానీ ఉతుక్కోవద్దని ఎవరూ అనలేదుగా. శుక్రవారం పొద్దున్నే ఈ నీళ్ళు పట్టి దిండుగలీబులు ఉతికాను. పచ్చగా తేలాయి. మధ్యాహ్నం నీళ్ళు తేటగా ఉన్నాయని మళ్ళీ ఉతికి తెల్లగా చేశాను. శనివారం పొద్దున పట్టిన నీళ్ళలో జాడిస్తే మళ్ళీ పచ్చన. జాస్ రంగు కలపడానికి వచ్చాడంటారా? శనివారం ఆరింటికి ఇక్కడున్నది నేనూ వాడూ. నా కంటిముందే కింద నుంచి పొంగింది. వాడి చేతులు జేబుల్లో ఉన్నాయి."

"ఈ మాట ఇంతకు ముందు ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడిగింది గొడవ గురించి. అడిగిందానికి చెప్పాను. మిగతాది చెప్పబోతే 'చాలమ్మా' అన్నారు."

హాల్డేన్ మ్యాపు మడత పెట్టాడు. ఒక్క క్షణం అతని కళ్ళలో అనుమానం కదిలింది. కానీ తప్పు ఒప్పుకోవాలంటే ఆదివారం ఒంటిగంట దాకా వెనక్కి వెళ్ళాలి. అతను అంత దూరం వెళ్ళలేకపోయాడు.

"పడమటి వైపు వెతికారు," అన్నాడు. "శనివారమే. వెతికింది మీ సొంత అన్నే. ఏడు గోతులూ చూశానని నాకు సంతకం పెట్టి ఇచ్చాడు. మీ అన్న మాట కూడా నమ్మరా?"



మా అన్న నేథన్ నాకన్నా పదకొండేళ్ళు పెద్ద. కొండకి పడమట హై బర్క్స్ పొలం వాడిదే. వెతకడానికి మొదట ముందుకొచ్చింది వాడు. 'ఆ వైపు నాకు వదిలెయ్, ప్రతి రాయీ తెలుసు' అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం వాడింట్లో మాంసం కూర తింటూ అడిగాను కూడా. 'ఏడూ చూశాన్రా. చచ్చిన గొర్రె ఒకటుంది, అంతే' అన్నాడు. అప్పుడు టైము ఒంటిగంట.

"చీకట్లో కనపడి ఉండదు," అన్నాను. "లోతు గోతులు. మళ్ళీ చూడాలి."

"చూడండి. నా మనుషులు మాత్రం తూర్పునే ఉంటారు. నాలుగింటికి మీరు ఆస్క్‌బీలో లేకపోతే, ఆజ్ఞ మీరి విధుల్లోంచి వెళ్ళిపోయారని రాస్తాను."

"స్పెల్లింగు సరిగ్గా రాయండి సర్. కర్‌వెన్," అని చెప్పి కొండవైపు తిరిగాను.

*

పదీ నలభైకి ఎక్కడం మొదలెట్టాను. పీట్‌లో పరిగెత్తడం కుదరదు. అడుగు వేస్తే చీలమండ దాకా దిగుతుంది, తీస్తే చప్పరించినట్టు చప్పుడు. సరిహద్దు రాళ్ళు దాటేసరికి పన్నెండు. గాలి పడమటి నుంచి కొడుతోంది, దాని వెనక బూడిదరంగు వాన తెర లోయ అడుగున కదులుతోంది.

ఏడు గోతులు. ఆరింటిలో నీళ్ళు చిన్న చిన్న పగుళ్ళలో ఇంకుతాయి, పిల్లి కూడా పట్టదు. మనిషి దిగగలిగేది ఒకటే. మావాళ్ళు దాన్ని మూగ టామ్ అంటారు. రాయి వేస్తే చప్పుడు రాదు. అడుగున మెత్తటి బురదో, లోతుకి అంతే లేదో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు మా అందరినీ దాని దగ్గరికి పోతే చంపుతామని బెదిరించేవారు.

అంచున బోర్లా పడుకుని అరిచాను. "హెస్టర్! మిస్ అవుత్‌వెయిట్!" నీళ్ళు జారే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అంచుకి నాలుగడుగుల ఇవతల గడ్డిలో బొటనవేలు పట్టేంత గుండ్రటి కన్నం ఉంది. ఎవరో ఇనుపమేకు పాతి, మళ్ళీ పీకేశారు. కన్నం అంచుల మట్టి ఇంకా తాజాగా ఉంది.

ఆమె తాడు కట్టుకునే దిగింది. మరి తాడేదీ? మేకేదీ?

ఆ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించవలసింది. ఆగలేదు. బతికి ఉందేమో అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. అక్కడినుంచి హై బర్క్స్ ముప్పావు మైలు దిగువన. దొర్లుకుంటూ దిగాను.

నేథన్ కొట్టం ముందు గుర్రానికి దాణా పెడుతున్నాడు. నన్ను చూసి బకెట్టు కింద పెట్టాడు.

"అన్నయ్యా, తాడు కావాలి. మూగ టామ్‌లో ఉంది ఆ పిల్ల."

"చూశానని చెప్పానుగా."

"కనపడి ఉండదు. తాడు తియ్యి. రెండు కలిపి కట్టాలేమో."

వాడు గుర్రం మెడ నిమిరాడు. తర్వాత కొట్టంలోకి వెళ్ళి అక్కడక్కడా ముడులు వేసిన తాడు ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు.

"ఒకటి చాలు. నలభై అడుగులు," అన్నాడు.

వంటింటి కిటికీలోంచి మా అమ్మ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

తాడు మోస్తూ వాడే ముందు నడిచాడు. గొయ్యి దగ్గరికి వచ్చాక నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను దిగుతాలేరా. నువ్వు పైనుండు."

"నీకు యాభై రెండేళ్ళు. నడుంనొప్పి."

"దిగొద్దురా, ఆల్బన్." వాడి గొంతు నాకు కొత్తగా వినపడింది. "చచ్చిపోయి ఉంటుంది. చూసి ఏం చేస్తావు? వాన కూడా వస్తోంది. వాన పడితే ఇందులోకి వాగు తిరుగుతుంది. రేపు అందరం వద్దాం."

"ఏం మాట అది?" అన్నాను కోపంగా. "రేపా?"

అంచున పెరిగిన రోవన్ చెట్టు మొదలుకి నేనే తాడు కట్టాను. ముడి రెండుసార్లు లాగి చూశాను. రెండూ పదికి దిగాను.

*

గోడ నునుపుగా తడిగా ఉంది. గోళ్ళు ఆనించడానికి కూడా చోటు లేదు. ముడి తర్వాత ముడి పట్టుకుంటూ దిగాను. పైన ఆకాశం పళ్ళెమంత, తర్వాత గిన్నెమూతంత అయింది. కాళ్ళకి బురద తగిలేసరికి చేతిలో తాడు రెండు అడుగులు మిగిలింది.

నలభై అడుగులు. సరిగ్గా సరిపోయింది. లోతెంతో ఎవరికీ తెలియని గొయ్యి.

టార్చి వెలిగించాను.

ముందు కనపడింది డబ్బాలు. ఒకదానిమీద ఒకటి దొర్లి, తుప్పు పట్టి, కొన్ని చీలి, లోపలి బూడిదరంగు ముద్ద నీళ్ళలోకి కారుతోంది. లెక్కపెట్టాను, పదకొండు. ప్రతిదాని పక్కన ఎర్ర రంగుతో రెండక్షరాలు, ఎన్. సి. ఆ అక్షరాలు నేను హై బర్క్స్ గొర్రెల ఒంటిమీద, సంచులమీద, బండి చెక్కమీద ఏళ్ళ తరబడి చూస్తున్నాను.

డబ్బాల వెనక, గోడకి ఆనుకుని, మోకాళ్ళు గుండెలకి హత్తుకుని కూర్చుని ఉంది హెస్టర్.

నుదురు తాకాను. వెనకున్న రాయి ఎంత చల్లగా ఉందో అంతే. కళ్ళు మూసి ఉన్నాయి. గోళ్ళు అరిగి వేళ్ళ చివర్లు చిట్లి ఉన్నాయి. గోడమీద ఛాతీ ఎత్తున గీరిన గుర్తులు. ఒళ్ళో రంగు పొట్లాలు దాచుకున్న రేకుపెట్టె, దానిమీద నూనెగుడ్డలో చుట్టిన పుస్తకం. ఆ చుట్టడం చూస్తేనే తెలుస్తోంది, తడవకూడదని, ఎవరో ఒకరు చదవాలని.

నిన్న వచ్చి ఉంటే. ఆదివారం వచ్చి ఉంటే. ఆమె పక్కన బురదలో మోకాళ్ళమీద కూర్చుని, టార్చి పళ్ళతో పట్టుకుని పేజీలు తిప్పాను. పెన్సిలు రాత, మొదట పొందికగా, పోనుపోను పెద్ద పెద్ద అక్షరాలు.

"గురువారం 2:40. దిగాను. మందు డబ్బాలు పదకొండు. ఆస్క్‌బీ విషం ఇక్కడిదే.

3:20. నేథన్ కర్‌వెన్ గారు పైనుంచి తొంగిచూశారు. డబ్బాలు చూశానని సంతోషంగా అరిచి చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. తాడు పైకి వెళ్ళిపోయింది.

4:00. రంగు వదిలాను.

శుక్రవారం 4:00. మళ్ళీ వదిలాను. రెండోసారి చూస్తే జాస్‌కి అర్థమవుతుంది.

శనివారం 11:00. ఆయన మళ్ళీ వచ్చారు. రొట్టె పడేశారు. ఊళ్ళో ఇద్దరు చచ్చిపోయారు, నన్ను ఉరితీస్తారమ్మా అన్నారు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను. ఏడ్చారు. వెళ్ళిపోయారు.

4:00. ఆఖరి పొట్లం.

ఆదివారం 1:00. జాస్ ఈపాటికి చెప్పి ఉంటాడు. బయల్దేరి ఉంటారు. కొండ దాటడానికి రెండు గంటలు.

5:10. ఇంకా రాలేదు. కాళ్ళు తెలియడం లేదు."

దాని కింద ఒక గీత. అక్షరం మొదలెట్టి, పెన్సిలు జారి, పేజీ అంచు దాకా పోయిన గీత.

టార్చి ఆర్పేశాను. వెలుగు భరించలేకపోయాను. ఆదివారం ఒంటిగంటకి ఆమె మమ్మల్ని కొండ ఎక్కిస్తూ లెక్కలు వేసుకుంటోంది. ఒంటిగంటకి జాస్ స్టేషన్ గుమ్మంలో నిలబడి చెప్తున్నాడు. ఒంటిగంటకి నేను ఇక్కడికి ముప్పావు మైలు దూరంలో ఇంకో మాంసం ముక్క తింటున్నాను. వడ్డించిన చెయ్యి మా అన్నది.

పైనుంచి పిలుపు వచ్చింది. ఆ లోతులో మనిషి గొంతు అన్ని గోడల్నించీ ఒకేసారి వస్తుంది.

"దొరికిందా?"

పుస్తకం చొక్కా లోపల దోపుకున్నాను.

"దొరికింది."

"పాపం," అన్నాడు. కొంచెం ఆగి, "ఏమైనా రాసిపెట్టిందా?"

తాడు నా ముఖం ముందే వేలాడుతోంది. చెయ్యి చాస్తే అందుతుంది. లేదు అన్నయ్యా అంటే చాలు. పైకెక్కి, వాడి పక్కన నడిచి, ఇంట్లో అమ్మ పెట్టిన టీ తాగి, హాల్డేన్ దగ్గరికి వెళ్ళొచ్చు. అబద్ధమాడడం పోలీసుకి చేతకాని పని కాదు. నాకు మొదట తోచిన జవాబు అదే, నాలిక చివరిదాకా వచ్చింది.

కానీ ఆమె నా మోకాలికి ఆనుకుని ఉంది. శనివారం ఇక్కడినుంచే, ఇదే చోటునుంచి, ఆమె కూడా వాడికి కావలసిన మాటే చెప్పింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసింది. అది విని వాడు ఏడ్చాడు, తాడు మాత్రం వెయ్యలేదు. అయినా వాడు మా అన్న. నాకు ఈత నేర్పినవాడు, నాన్న పోయిన ఏడాది నన్ను చదివించడానికి రెండు పొలాలు ఒక్కడే దున్నినవాడు. నా గొంతులో అబద్ధం వాడు చిన్నప్పటినుంచీ పట్టేస్తాడు.

"రాసింది," అన్నాను. "గంటలు కూడా రాసింది. నువ్వు వేసిన రొట్టె కూడా రాసింది."

పైనుంచి చిన్న మట్టిపెళ్ళ ఒకటి రాలింది.

"నేథన్. విను. ఇప్పటికైనా నాతో స్టేషన్‌కి రా. నేను పక్కనే ఉంటాను. చివరిదాకా ఉంటాను. జాస్ నీ బదులు ఉరికంబం ఎక్కుతాడురా."

ఆకాశం ముక్కకి అడ్డంగా వాడి తల వచ్చింది. ముఖం కనపడలేదు, టోపీ ఆకారం ఒక్కటే. మొదటి వాన చినుకు వాడి టోపీ అంచునుంచి జారి నా పెదవిమీద పడింది.

"ఆల్బన్," అన్నాడు. గొంతు బొంగురుగా, చాలా దయగా ఉంది. "అమ్మకి ఏం చెప్పమంటావురా?"

తల వెనక్కి వెళ్ళింది. చెట్టు మొదలు దగ్గర ఏదో రాపిడి వినిపించింది, తడిసిన ముడిని విప్పుతున్నప్పుడు వచ్చే రాపిడి. నేను ఎగిరి తాడు పట్టుకుని, ఒక ముడి, రెండు ముళ్ళు పైకి ఎక్కాను.

తర్వాత నా బరువుని ఏదీ ఆపలేదు. నలభై అడుగుల తాడు నా భుజాలమీద, హెస్టర్ ఒళ్ళో, డబ్బాలమీద చుట్టలు చుట్టలుగా వచ్చి పడింది.